తాళపుచెవి పోయిన పెట్టె: డూమ్స్‌డే డిస్కుల ఉద్ధరణ చరిత్ర

గ్రంథాలయమునకు చెద, చెమ్మ, నిప్పు శత్రువులని అందరు ఎరుగుదురు. పుస్తకము తీసికొనిపోయి తిరిగి ఈయని చదువరి నాలుగవ శత్రువని గ్రంథపాలకులు చెప్పుదురు. మన కాలమున ఐదవ శత్రువు పుట్టినది. అది పుస్తకమును కొరకదు, తడపదు, కాల్చదు. వ్రాత చెక్కుచెదరక మన చేతిలోనే యుండును. కాని దానిని చదువు సాధనము లోకమునుండి మాయమగును. కంప్యూటరులో దాచిన వ్రాతలకు కలుగు ఈ ఆపదను గూర్చియు, అట్టి ఆపదనుండి ఒక దేశపు గ్రామముల వృత్తాంతమును కొందరు ఉద్ధరించిన విధమును గూర్చియు ఈ వ్యాసమున విన్నవింతును.

ముందుగా ఒక చిన్న సంగతి తెలిసికొనవలెను. కంప్యూటరు ఫైలులో అక్షరములుండవు, బొమ్మలుండవు. అంకెలు మాత్రమే యుండును. 65 అను అంకె కనబడినప్పుడు ఇంగ్లీషు వర్ణమాలలోని మొదటి పెద్దక్షరమును చూపవలెనని ప్రోగ్రాము ఎరుగును. పేరా ఎచ్చట ముగిసినది, ఏ మాట లావుగా కనబడవలెను, బొమ్మలో ఏ చుక్క ఏ రంగుది, ఇవన్నియు అంకెలే. వాని భావము ఆ ఫైలును చేసిన ప్రోగ్రామునకు తెలిసినంతగా మరియొక దానికి తెలియదు. అంకెలు పెట్టెలోని సొమ్మయినచో ప్రోగ్రాము తాళపుచెవి వంటిది. ఆ ప్రోగ్రామును అమ్మిన సంస్థ వ్యాపారము మానుకొన్నను, అది నడచు యంత్రము తయారగుట నిలిచిపోయినను, పెట్టె మన యింటనే యుండును, తాళపుచెవి దొరకదు.

ఇట్టి ఉదంతములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఇంగ్లండుకు సంబంధించినది. దాని మూలము తొమ్మిది వందల యేండ్ల వెనుక నున్నది.

1066లో నార్మండీనుండి దండెత్తి వచ్చి ఇంగ్లండును జయించిన మొదటి విలియము రాజు, 1085 క్రిస్మస్ పండుగ దినములలో గ్లోస్టరు పట్టణమున కొలువుతీరి, తన రాజ్యమునందలి భూముల లెక్క వ్రాయింపవలెనని నిశ్చయించెను. 1086లో రాజోద్యోగులు సీమలవారీగా తిరిగి విచారణ జరపిరి. ఈ భూమి ఎవరిది, విలియము రాకమునుపు ఎవరిది, నాగళ్లెన్ని, పిండిమరలెన్ని, పచ్చిక ఎంత, దీని విలువ యెంత అని అడిగి, ఊరివారిచేత ప్రమాణము చేయించి వ్రాసికొనిరి. పదమూడు వేలకు పైగా ఊళ్ల పేర్లు ఆ గ్రంథమునకెక్కినవి. అందలి నిర్ణయముపై వేరొక విన్నపమునకు తావులేనందున, దానిని జనులు డూమ్స్‌డే గ్రంథమని పిలిచిరి. డూమ్స్‌డే యనగా క్రైస్తవుల నమ్మకము ప్రకారము అంతిమ తీర్పు దినము. చర్మపత్రములపై లాటిను భాషలో వ్రాసిన ఆ గ్రంథము నేటికిని లండను నగరపు కీవ్ ప్రాంతమునందలి జాతీయ పత్రాగారమున భద్రముగా నున్నది.

ఆ గ్రంథమునకు 900 సంవత్సరములు నిండు సందర్భమున, 1986లో కొత్త డూమ్స్‌డేను సిద్ధపరుపవలెనని బి.బి.సి. సంస్థ సంకల్పించెను. ఈసారి లెక్క వ్రాసినవారు రాజోద్యోగులు కారు, అధికభాగము బడిపిల్లలు. దేశమంతయు నాలుగు కిలోమీటర్ల పొడవు, మూడు కిలోమీటర్ల వెడల్పుగల గళ్లుగా విభజింపబడెను. ఒక్కొక్క గడిని ఒక బడికో, ఒక స్థానిక సంఘమునకో అప్పగించిరి. తమ ఊరిలో దుకాణములెన్ని, పెద్దలు ఏ పనులకు పోవుదురు, తాము ఏమి తిందురు, ఏమి ఆడుదురు అని పిల్లలు వ్రాసిరి. ఊరివారు ఛాయాచిత్రములు తీసి పంపిరి. పది లక్షలకు పైగా జనులు ఇందు పాల్గొనిరి. ఇట్లు పోగైనవి 1,47,819 పుటల వ్రాత, 23,225 ఛాయాచిత్రములు. 1086 నాటి గ్రంథమున రైతులు తలల లెక్కకు మాత్రమే వచ్చిరి. 1986లో సామాన్యుడు తన సంగతి తానే వ్రాసికొనెను. ఒక గ్రామపు చరిత్రను ఆ గ్రామమే వ్రాసిన ఇంత పెద్ద పని అంతకుముందు అరుదు.

ఆ కాలమున అంత సామగ్రిని పట్టించుకొను సాధనము సులభముగా లభించునది కాదు. ఫిలిప్స్ సంస్థవారు దీనికొరకు లేజరు కాంతితో చదువబడు పెద్ద డిస్కును, దానిని తిప్పు ప్రత్యేక యంత్రమును సిద్ధపరచిరి. ఆ డిస్కు పన్నెండు అంగుళముల వెడల్పు గలిగి, అద్దమువలె మెరయును. దానిని ఏకార్న్ సంస్థవారి బి.బి.సి. మాస్టరు కంప్యూటరునకు తగిలించిరి. గ్రామముల సమాచారము ఒక డిస్కునందును, జాతీయ గణాంకములు మొదలగునవి మరియొక డిస్కునందును ఎక్కించిరి. అందును ఒక చిక్కు కలదు. పటములు, ఛాయాచిత్రములు పాతకాలపు టెలివిజను బొమ్మలవలె ఒక పద్ధతిని, అక్షరములు అంకెల రూపమున మరియొక పద్ధతిని అదే డిస్కుపై నిలిచినవి. ఈ రెంటిని కలిపి తెరపై చూపు ప్రోగ్రామును బి.సి.పి.ఎల్. అను భాషలో వ్రాసిరి. డిస్కు, యంత్రము, కంప్యూటరు, ప్రోగ్రాము, ఈ నాలుగును కూడినప్పుడే చదువు సాగును. ఒకటి తప్పినచో తక్కిన మూడును నిరుపయోగములు.

ఈ సామగ్రి యంతయు కొనుటకు వేల పౌండ్లు కావలసివచ్చెను. అందువలన పెక్కు బడులు, తమ పిల్లలు వ్రాసినదానిని తామే కొనలేకపోయినవి. కొన్న కొలదిచోట్లను కొన్ని యేండ్లకు యంత్రములు మూలపడెను. కంప్యూటర్ల తీరు మారిపోయెను. ఆ డిస్కును చదువు ప్రత్యేక యంత్రము తయారగుట నిలిచిపోయెను. 2002 నాటికి, అనగా పదునారేండ్లకే, ఆ డిస్కులను చదువగల సామగ్రి చేతివ్రేళ్లపై లెక్కింపదగినంతకు తగ్గెనని పత్రికలు వ్రాసినవి. తొమ్మిది వందల యేండ్ల చర్మపత్రమును నేటికిని చదువవచ్చును, పదునారేండ్ల డిస్కును చదువలేము అను మాట లోకమంతట వ్యాపించెను.

అప్పటికే ఒక బృందము ఈ సమస్యకు పూనుకొనియుండెను. ఇంగ్లండునందలి లీడ్స్ విశ్వవిద్యాలయము, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయము కలిసి 1999లో కామిలియన్ అను పేరుగల పరిశోధనను ఆరంభించినవి. పాత వ్రాతలను కాపాడుటకు మూడు మార్గములు కలవు. పాత యంత్రమునే మరమ్మతు చేయుచు నిలుపుకొనుట మొదటిది. ఫైలును క్రొత్త ప్రోగ్రామునకు అర్థమగు రూపమునకు మార్చుట రెండవది. కొత్త కంప్యూటరుచేత పాత కంప్యూటరు వేషము కట్టించుట మూడవది. ఈ మూడవదానికి ఎమ్యులేషను అని పేరు. పాత ప్రోగ్రాము తాను పాత యంత్రముపైననే నడచుచున్నానని భ్రమించి యథాప్రకారము పనిచేయును. ఈ మార్గము మేలైనదని 1995లో అమెరికా శాస్త్రజ్ఞుడు జెఫ్ రోథెన్‌బర్గ్ ఒక ప్రసిద్ధ వ్యాసమున వాదించెను. కామిలియన్ బృందము ఆ వాదమును డూమ్స్‌డే డిస్కులపై పరీక్షించి చూచెను.

వారు ఇంకను పనిచేయుచున్న డిస్కు యంత్రమును సంపాదించి, దానిని కొత్త కంప్యూటరునకు తగిలించి, డిస్కునందలి అంకెలను ఉన్నవి ఉన్నట్లుగా దించుకొనిరి. బొమ్మలను వేరుగా పట్టి భద్రపరచిరి. పిదప బి.బి.సి. కంప్యూటరు వేషము కట్టు ప్రోగ్రామునొకదానిని తీసికొని, డూమ్స్‌డే డిస్కునకు పనికివచ్చునట్లు పెంచిరి. ఆ ప్రోగ్రాము పేరు బీబ్‌ఎమ్. అది పెద్ద సంస్థలు చేయించినది కాదు. పాత కంప్యూటరుపై మక్కువగల ఒక ఔత్సాహికుడు 1994లో వ్రాసి అందరికి ఉచితముగా పంచినది. 2002 డిసెంబరులో ఆ బృందము తన ఫలితమును ప్రదర్శించినప్పుడు, పిల్లలు వ్రాసిన పుటలు కొత్త కంప్యూటరు తెరపై కనబడెను.

వేరొక వైపునుండి మరియొక ప్రయత్నము సాగెను. పాత గ్రంథమును కాపాడుచున్న జాతీయ పత్రాగారమువారి పక్షమున కొందరు, డిస్కు తయారుచేయుటకు వాడిన మూలపు వీడియో టేపులను వెదకి పట్టుకొనిరి. డిస్కుపై నున్న బొమ్మలకంటె ఈ టేపులపై నున్నవి స్పష్టమైనవి. వానిని కొత్త టేపులకు ఎత్తివ్రాసిరి. డిస్కునందలి అంకెల అమరికను విడదీసి అర్థము చేసికొని, నేటి కంప్యూటరుపై నడచు ప్రతిని సిద్ధపరచిరి. అది మొదట కీవ్ పత్రాగారమున, 2004లో ఇంటర్నెటుపైన లోకమునకు అందుబాటులోనికి వచ్చెను.

కథ ఇచ్చట ముగిసినచో బాగుండెడిది. కాని ఆ ఇంటర్నెటు ప్రతిని నడపుచున్న వ్యక్తి 2008లో హఠాత్తుగా మరణించెను. అతనితోపాటు ఆ ప్రతియు అదృశ్యమయ్యెను. ఒకసారి ఉద్ధరింపబడినది ఒక్క మనిషిపై ఆధారపడియున్నందున రెండవసారి మరుగుపడినది. 2011లో, అనగా 1986 ప్రయత్నమునకు ఇరువదియైదేండ్లు నిండిన రజతోత్సవ సంవత్సరమున, బి.బి.సి.వారు గ్రామముల డిస్కును మరల ఇంటర్నెటుపై ఉంచిరి. నాటి ఛాయాచిత్రము ప్రక్కన అదే చోట తీసిన నేటి ఛాయాచిత్రమును చేర్చుటకు ప్రజలకు అవకాశమిచ్చిరి. 2018లో ఆ ఏర్పాటును బి.బి.సి.వారు మూసివేసిరి, దాని ప్రతిని జాతీయ పత్రాగారము తన వెబ్ భాండాగారమున నిలుపుకొన్నది. జాతీయ గణాంకముల డిస్కునకు మాత్రము ఈ భాగ్యము కలుగలేదు. అందలి సామగ్రి పెక్కుమందిది. వారివారి హక్కులు అడ్డుపడుటచే 2011లో అది వెలుగుచూడలేదు. యంత్రపు తాళము తీసినను, చట్టపు తాళము మిగిలినది.

చర్మపత్రము గొప్పది, డిస్కు తక్కువది అను మాట పూర్తిగా నిజమా? విచారింపగా సగమే నిజము. డిస్కులు చెడిపోలేదు, అందలి అంకెలు అట్లే యున్నవి. పోయినది చదువు విద్య. పాత గ్రంథమునకును అట్టి ఆపద లేకపోలేదు. అది సంక్షేపాక్షరములతో నిండిన లాటినున వ్రాయబడినది. శిక్షణ లేనివాడు దానిని చూచియు చదువలేడు. 1783లో అబ్రహాం ఫార్లే అను పండితుడు దానిని అచ్చువేయించినప్పుడు, ఆ సంక్షేపాక్షరములను చూపుటకు ప్రత్యేకమైన అచ్చు అక్షరములను పోతపోయింపవలసివచ్చెను. 1861 మొదలు 1863 వరకు దాని ఛాయాప్రతులు వెలువడెను. పిమ్మట ఆంగ్లానువాదములు వచ్చినవి. ఆ గ్రంథము నిలిచినది తోలు గట్టిదగుటచేత మాత్రమే కాదు. చదువుట తెలిసినవారు తరతరమున ఉండుటచేతను, వారు ప్రతులు తీయుటచేతను నిలిచినది. డిస్కునకు లోపించినవి ఆ రెండే.

ఈ ఆపద పెద్ద సంస్థలకే అనుకొనరాదు. 1978లో వెలువడిన వర్డ్‌స్టార్ అను ప్రోగ్రాముపై ఆ తరువాతి యేండ్లలో లోకమున లెక్కలేనన్ని జాబులు, నివేదికలు తయారైనవి. అట్టి ఫైలును నేటి సామాన్య ప్రోగ్రాముతో తెరచినచో ప్రతి మాట చివరి అక్షరమును వింతగుర్తుగా కనబడును. దానికి కారణము సులభము: పంక్తులను సరితూకముగా అమర్చుటకై ఆ ప్రోగ్రాము మాట చివరి అక్షరపు అంకెకు 128 కలిపి దాచెడిది. 100 ఉండవలసినచోట 228 ఉండును. ఆ 128ని తీసివేసినచో మాట మరల నిలుచును. రహస్యము తెలిసినవానికి ఇది క్షణములో పని. తెలియనివానికి ఫైలు పాడైనట్లే. ఫైలు పాడైనదని పారవేసిన పెక్కు చోట్ల నిజమునకు పాడైనది ఏమియు లేదు.

ఇక మన తెలుగు సంగతి. మన అచ్చుకూటములలో సీసపు అక్షరములు పోయి కంప్యూటరు కూర్పు వచ్చినప్పుడు పేజ్‌మేకర్ అను ప్రోగ్రాము ఇంటింటి మాటయైనది. అది 1985లో ఆల్డస్ అను సంస్థచే వెలువడి, 1994లో అడోబి సంస్థ చేతికి వచ్చెను. 2001లో దాని ఏడవ రూపాంతరము వెలువడెను. తరువాత కొత్తది రాలేదు, 2004లో దానిని పెంపొందించుట మానివేసిరి. దాని స్థానమున వచ్చిన ఇన్‌డిజైన్, 2012 నాటి సి.ఎస్.6 రూపాంతరము వరకు పేజ్‌మేకర్ ఫైలును తెరచెడిది. తరువాతి రూపాంతరములకు ఆ శక్తి లేదు. ఇది మొదటి తాళము.

రెండవ తాళము అక్షరములది. ఆనాటి తెలుగు ఫాంటులలో చాలవరకు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ముక్కలుగా అమర్చియుండెను. ఏ ముక్క ఏ స్థానమున నుండవలెననునది ఒక్కొక్క సంస్థ తనకు తోచినట్లు నిర్ణయించుకొన్నది. ఫాంటు ఉన్నంతవరకు తెరపై చక్కని తెలుగు; ఫాంటు లేనిచో అర్థములేని ఇంగ్లీషు అక్షరముల పోగు. భారతీయ లిపులకు ఇస్కి అను ప్రమాణము 1988లో ఏర్పడి 1991లో సంస్కరింపబడెను. 1991లోనే వెలువడిన యూనికోడు, ప్రపంచ లిపులతోపాటు తెలుగునకును శాశ్వతమైన స్థానమునిచ్చెను. అందు ‘క’ అక్షరపు అంకె 3093, ఏ దేశమున ఏ యంత్రమున చూచినను 3093. అయినను మన ముద్రాపకులు అలవాటు చొప్పున చాలకాలము పాత ఫాంటులనే వాడిరి.

ఈ రెండవ తాళమునకు మాత్రము చెవి కలదు. పాత ఫాంటులోని ముక్కలను వరుసగా చదివి యూనికోడు అక్షరములుగా మార్చు ప్రోగ్రాములను కొందరు తెలుగువారు వ్రాసిరి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తోడుగా వచ్చిన ‘పద్మ’ అట్టిది. కాని వత్తు ఒక ఫాంటులో ముందు, మరియొకదానిలో వెనుక ఉండుటచే మార్పు పొందిన ప్రతిలో దోషములు దొర్లుచుండును. మూలపు ముద్రితప్రతిని ప్రక్కన పెట్టుకొని తప్పులు దిద్దువాడు ఎల్లప్పుడును అవసరమే. మన ప్రాంతములందు ముప్పది యేండ్లుగా కంప్యూటరుపై కూర్చిన శతకములు, స్థలపురాణములు, సంఘముల నివేదికలు, ఉత్సవ సంచికలు ఎన్నియో ఈ స్థితిలో పాత డిస్కులపై పడియున్నవి.

ఎత్తివ్రాసి కాపాడుట మనకు కొత్త కాదు. కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సాయమున, కరణముల దండకవిలెలు మొదలగువాని ఆధారమున గ్రామముల కైఫీయత్తులను సేకరింపజేసెను. 1821లో అతడు మరణించెను. ఆ కాగితములు శిథిలమగుచుండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌను వానికి శుద్ధప్రతులు వ్రాయించెను. తాటాకు గ్రంథములకును అట్లే చేయించెను. ఆ ప్రతులు వ్రాసిన లేఖకులకు పాత లిపి తెలియును, కొత్త కాగితము దొరకెను. పాతది చదువగలవారు బ్రతికియున్నప్పుడే కొత్తదానికి ఎత్తివ్రాయవలెను. ఆలస్యమైనచో చేయి తిరిగినవాడు దొరకడు. కంప్యూటరు ఫైలునకును ఈ నియమమే వర్తించును. తాటాకు శతాబ్దములు వేచియుండును, డిస్కు పదియేండ్లు వేచియుండుటయు కష్టము. అంతియే భేదము.

కావున గ్రామ గ్రంథాలయములు చేయవలసిన పని స్పష్టము. ఊరిలో ఎవరియొద్ద నైన పాత డిస్కులున్నచో పారవేయవలదని చెప్పవలెను. మొదట అందలి ఫైలులను ఉన్నవి ఉన్నట్లు వేరొకచోటికి దించుకొని, ఆ ప్రతిపైననే పనిచేయవలెను, మూలమును ముట్టరాదు. ఏ ప్రోగ్రామున, ఏ ఫాంటున, ఏ సంవత్సరమున కూర్చినదో, కూర్చినవారి నడిగి కాగితముపై వ్రాసి దానితో నుంచవలెను. ఈ చిన్న చీటియే రేపటి తాళపుచెవి. పాత కంప్యూటరును ఇంకను నడుపుచున్న అచ్చుకూటము పొరుగు పట్టణమున నున్నచో, అది మూతపడకముందే పోయి యూనికోడు ప్రతిని, పి.డి.ఎఫ్. ప్రతిని తీయించుకొనవలెను. ఒక ప్రతి గ్రంథాలయమున, ఒకటి బడియందు, ఒకటి దూరమున నున్న ఊరివారి యొద్ద ఉంచి, ఏడాదికొకసారి తెరచి చూడవలెను. వీటన్నిటికి తోడు ఒక ప్రతిని కాగితముపై అచ్చువేసి బీరువాలో నుంచవలెను. కాగితమును చదువుటకు కన్ను, చదువు, పగటి వెలుగు చాలును.

ఇట్టి సంచికలును నేడు కంప్యూటరుపైననే కూర్పబడుచున్నవి. అచ్చయిన ప్రతులు పంచిపెట్టుటతో సంచిక పని తీరిపోయినదని భావింపక, దాని ఫైలును పైన చెప్పిన చీటితో సహా గ్రంథపాలకుని వశము చేయుట మంచిది. 1986లో వ్రాసిన ఆంగ్ల బాలురు తమ వ్రాతను మరల చూచుటకు పెక్కు యేండ్లు పట్టెను. చూచినప్పటికి వారు నడివయస్సు వారు. మన బాలురకు అంత నిరీక్షణ అవసరము లేదు. ఒక గ్రంథపాలకుడు, ఒక బీరువా, ఏడాదికి ఒక పూట పని చాలును.